వణుకుకు అద్దాలు అడిగినవాళ్ళు

కంటి ఓపీకి వచ్చేవాళ్ళందరిదీ కంటి జబ్బే అయితే ఈ ఉద్యోగం చాలా తేలిక. గోడ మీది అక్షరాలు చదివించి, ఫ్రేములో గాజులు మార్చి, నంబరు రాసి పంపెయ్యవచ్చు. నేను 1979 జూలైలో మార్కాపురంలో కంటి అసిస్టెంటుగా చేరాను. జనం నన్ను 'కండ్ల మేడం' అనేవాళ్ళు. 2011 జూన్ ఆఖరున విరమించాను. మా తమ్ముడు 2010 అంటాడు. కాదు, 2011. ఆ ఏడు బడిపిల్లల కంటి పరీక్షలు పూర్తి చేసే దిగిపోయాను.

ఈ మధ్య ఆ పనిలో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు మా ఇంటికి వచ్చి, "మేడం, పుస్తకాల్లో లేనిది ఏదన్నా చెప్పండి" అని అడిగారు. చాలాసేపు మాట్లాడాను కానీ వరసగా చెప్పలేకపోయాను. ఒక సంగతి మొదలుపెట్టి ఇంకో సంగతిలోకి పోయాను. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ప్రమోషన్లు, బదిలీలు, క్యాంపు రిపోర్టులు ఇందులో ఉండవు. లోహాలతో పనిచేసే మనుషుల గురించి, వాళ్ళ చేతుల గురించి రాస్తాను. చేతి పని వంకర పోతే మనిషి ముందు తన చూపునే అనుమానిస్తాడు. చేతిని అనుమానించడానికి మనసొప్పదు, అన్నం పెట్టేది అదే కనుక. అట్లా చేయి వణికేవాళ్ళు, చేయి పడిపోయినవాళ్ళు మన దగ్గరికొచ్చి కళ్ళద్దాలు అడుగుతారు. మీ దగ్గరికీ వస్తారు.

చేతులు చాపు

నాకు పని నేర్పినవారు డాక్టర్ శేషయ్య గారు. కోపం ఎక్కువ, ఓపిక అంతకన్నా ఎక్కువ. ఎవరొచ్చి కూర్చున్నా, టార్చి వెలిగించకముందే రెండు చేతులూ ముందుకు చాపమనేవారు. తరువాత ఒక చిత్తు కాగితం ఇచ్చి పేరు రాయమనేవారు. రాయడం రానివాళ్ళను గీత గీయమనేవారు. చేరిన కొత్తలో ఇదంతా కాలయాపన అనిపించి, ఒకరోజు అడిగాను.

"అమ్మాయ్, అద్దాలు ముక్కు మీద పెడతాం. చేతి మీద పెట్టలేం గదా! ఇబ్బంది ఎక్కడుందో ముందు తేల్చుకో" అన్నారు.

అంతకు మించి వివరించలేదు. వివరించే అలవాటు ఆయనకు లేదు. ఎదురుగా ఒక మనిషి కూర్చున్నప్పుడు చూసి నేర్చుకోవాల్సిందే.

అట్లా కూర్చున్నవాళ్ళలో మొదట చెప్పాల్సింది మస్తాన్ సాయిబు సంగతి. పాత బజారులో గిన్నెలకు కళాయి వేసేవాడు. రాగి, ఇత్తడి గిన్నెల లోపల కాక మీద తగరం పూత పూయడమే కళాయి. అది లేని గిన్నెలో పులుసు కాస్తే చిలుము పడుతుంది. అప్పటికి స్టీలు గిన్నెలు ఇంటింటికీ రాలేదు కనుక మస్తాన్‌కు చేతినిండా పని.

"మేడం, దగ్గర చూపుకు అద్దాలు రాయండి. పూత పూస్తుంటే మధ్యన మచ్చలు మచ్చలుగా వదిలేస్తుండా. ఆడోళ్ళు గిన్నెలు ఎనక్కి తెచ్చి నా మొగాన పెడుతుండారు" అన్నాడు.

చదివించాను. చిన్న అక్షరాలు సైతం తప్పు లేకుండా చదివాడు. డాక్టరు గారు చేతులు చాపమన్నారు. ఎడమ చేయి తిన్నగా నిలిచింది. కుడి చేయి మణికట్టు దగ్గర వేలాడింది. ఎత్తమంటే ఎత్తలేకపోయాడు.

"నోరు తెరువు."

"కండ్లకు నోరేంది సారూ? నేను గొడ్డునా, సంతలో పండ్లు చూసి కొనేదానికి?"

నోరు తెరిచాడు. కింది చిగురు అంచున సన్నని నల్లని నీలి గీత ఉంది. డాక్టరు గారు నన్ను పిలిచి చూపించారు.

"తగరంలో సీసం ఎంత కలుపుతున్నావు?"

"కలుపుతానని ఎవరు చెప్పినారు సారూ?" మస్తాన్‌కు కోపం వచ్చింది.

"నీ చిగురే చెప్పింది."

వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. చివరికి మస్తాన్ కూడా నవ్వాడు. తగరం ధర పెరిగినప్పటి నుంచి సగానికి సగం సీసం కలుపుతున్నాడు. మూసిన గదిలో, కొలిమి మీద ముఖం పెట్టి, ఆ పొగ పీలుస్తూ కూర్చుంటున్నాడు. సీసం ఒంట్లో చేరి చేతి నరాన్ని పడగొట్టింది. కర్నూలు పంపించాం. మా ఊళ్ళు ఆ జిల్లాలో నుంచి ప్రకాశంలో కలిసి చాలా ఏళ్ళయినా, పెద్ద జబ్బంటే జనం కర్నూలు బస్సే ఎక్కేవారు. మస్తాన్ సీసం మానేశాడు, కొలిమిని వసారాలోకి మార్చాడు. మణికట్టు లేవడానికి మరుసటి ఏడు దాకా పట్టింది. లేచిన రోజు పనిగట్టుకుని ఆసుపత్రికి వచ్చి, ఓపీ గుమ్మంలో నిలబడి నాకు నిండుగా సలాం చేసి పోయాడు. అద్దాలు మాత్రం మళ్ళీ అడిగాడు. అప్పటికి నిజంగానే అవసరం వచ్చింది, రాసిచ్చాను.

ఆ రోజు నుంచి ప్రతి మనిషినీ "ఏం పని చేస్తావు?" అని అడగడం అలవాటైంది. ఈ ప్రశ్న ఎప్పుడూ మానకండి.

ఒక షెడ్డు, ఇద్దరు అన్నదమ్ములు

ఆ ప్రశ్న ఒక్కటే చాలదని మొదటిసారి గిద్దలూరు క్యాంపులో తెలిసింది. ఇనుప గేట్లు వెల్డింగ్ చేసే ఒక పెద్దాయన వచ్చాడు. తను రాసే రసీదులు కొనేవాళ్ళు చదవలేకపోతున్నారట. చదవలేనిది వాళ్ళు, అద్దాలు అడిగింది ఈయన! పేరు రాయమన్నాను. మొదటి అక్షరం పెసరగింజంత ఉంది, చివరి అక్షరం ఆవగింజంత. ముఖంలో కదలిక తక్కువ, నడిస్తే కుడి చేయి ఊగడం లేదు. వణుకుడు జబ్బు.

తమ్ముడూ వెంట వచ్చాడు. అదే షెడ్డు, అదే పొగ, అన్నతో సమానంగా పని. అతనికి ఏమీ లేదు. హుషారుగా ఉన్నాడు.

"నాకు గూడా వస్తాదా మేడం?" అన్నాడు, నవ్వుతూనే.

నాకు తెలియదన్నాను. శేషయ్య గారినడిగితే ఆయనా అదే చెప్పారు. వెల్డింగ్ పొగలో ఉండే లోహాలు కొందరి మెదడును దెబ్బతీస్తాయి. పుట్టుకతోనే కొందరి శరీరాలు వాటిని తట్టుకోలేవు, కొందరివి తట్టుకుంటాయి. ఒక్క మనిషిని ఎదురుగా పెట్టుకుని, ఇది నీ పని వల్లే వచ్చిందనో, నీ పుట్టుక వల్లే వచ్చిందనో తేల్చి చెప్పగలిగే సందర్భాలు తక్కువ. తెలియనిదాన్ని తెలియదనడం ఈ ఉద్యోగంలో అవమానం కాదు. తెలిసినట్టు మాట్లాడితే మాత్రం ఎవరో ఒకరి కొంప మునుగుతుంది. అది నేను తరువాత చూశాను.

వైండింగ్ షాపు

ఇది 1991 ఆగస్టు మాట. మా వైపు బోర్లు లోతుకు పోవడం, కరెంటు ఎక్కువ తక్కువలు రావడం, మోటార్లు కాలిపోవడం అప్పుడే ఎక్కువైంది. కాలిన మోటారులో పాత రాగి తీగను కాల్చి ఊడదీసి, కొత్త తీగను చేత్తో చుట్టి పెట్టేవాటిని వైండింగ్ షాపులంటారు. మార్కాపురంలో ఖాసిం షాపు పేరున్నది.

ఖాసిం తన దగ్గర పనిచేసే కుర్రవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ కుర్రవాడు తర్లుపాడు తిరుపతయ్య కొడుకు కేశవులు. పంతొమ్మిదేళ్ళవాడు.

"అక్కా, మా పిల్లోనికి అద్దాలు రాయి. తీగ పెట్టాల్సిన గాడిలో పెట్టకుండా పక్కకు పోతుండాడు. ఇంతకు ముందు కండ్లు మూసుకుని చుట్టేటోడు."

"మాటేంటి, ముద్దగా వస్తోంది?" అన్నాను. కేశవులు అప్పటికి పేరు మాత్రమే చెప్పాడు.

"అదే గదా! ఊర్లో తాగుతాడంటుండారు. నాలుగేండ్ల నుంచి నా కండ్ల ముందర ఉండాడు, టీ తప్ప ఏం తాగడు."

"మేడం... నేను... తాగను" అన్నాడు కేశవులు. పెదవి మూల నుంచి జారిన చొంగను భుజానికి తుడుచుకుని, సిగ్గుపడి నవ్వాడు.

చూపు నిక్షేపంగా ఉంది. చేతులు చాపమంటే రెండూ రెక్కల్లా కొట్టుకున్నాయి. మా దగ్గరున్న స్లిట్ లాంప్ పాతది. గడ్డం దాని మీద పెట్టించి, సన్నని వెలుతురు కంటి మీదికి తిప్పాను. నల్లగుడ్డు చుట్టూ, అంచుకు ఆనుకుని, గోధుమా ఆకుపచ్చా కలిసిన ఒక పట్టీ ఉంది. పైనా కిందా మందంగా, పక్కల పలచగా. ముసలివాళ్ళలో తెల్లని అంచు రోజూ చూస్తాం, దాన్ని పట్టించుకోం. ఇరవై నిండని కంట్లో ఈ రంగు అంచును నేను ఎప్పుడూ చూడలేదు. శేషయ్య గారిని పిలిచాను.

ఆయన చాలాసేపు చూసి, తలెత్తి, "రాగి" అన్నారు.

ఖాసిం గబుక్కున ముందుకొచ్చాడు. "రాగా? నా షాపు రాగా సారూ?"

"అది నేనిప్పుడు చెప్పలేను. కర్నూలు తీసుకెళ్ళండి."

'చెప్పలేను' అన్న మాట ఎవరికీ గుర్తు లేదు. 'రాగి' అన్న మాట ఒక్కటే సాయంత్రం బస్సులో తర్లుపాడు చేరింది. మరునాడు పొద్దున్నే తిరుపతయ్య ఖాసిం షాపు ముందు నిలబడి కేకలు పెట్టాడు.

"నా కొడుకు కండ్లల్లో రాగి దిగిందంట! నీ పొగంతా వానికి మింగించినావు గదయ్యా! నీ కొడుకునైతే ఆ మంట కాడ కూర్చోబెడతావా?"

ఖాసిం షట్టరు దించేసి, చుట్టుపక్కలవాళ్ళు చూస్తుండగా ఇంటికి పోయాడు. అతనూ తన పొగే కారణమని నమ్మాడు. మస్తాన్ చేయి చూసినదాన్ని కనుక నేనూ నమ్మాను.

కర్నూలులో చెప్పిన మాట

"కండ్లల్లో చూసింది నువ్వే గదా, నువ్వే వచ్చి ఆ పెద్ద డాక్టర్లకు చెప్పు" అని తిరుపతయ్య పట్టుబట్టాడు. సెలవు పెట్టి వెళ్ళాను. ఖాసిం పిలవకుండానే బస్సు దగ్గరికి వచ్చి, వెనక సీట్లో కూర్చున్నాడు. దారి పొడవునా తిరుపతయ్య వెనక్కి తిరిగి చూడలేదు.

నరాల డాక్టరు ఒక ఆవిడ. పరీక్షలన్నీ చేయించి, ఫలితాలు వచ్చాక మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. మనం తినే ప్రతి తిండిలో కాస్త రాగి ఉంటుంది. అవసరమైనంత ఉంచుకుని మిగిలింది కాలేయం బయటికి పంపేస్తుంది. కేశవులు కాలేయానికి ఆ పంపే శక్తి పుట్టుకతోనే లేదు. పుట్టిన దగ్గర నుంచి కొంచెం కొంచెంగా నిలవ పడి, కాలేయం నిండి, మెదడులోకీ కంటిలోకీ చేరింది.

"అయితే షాపు పొగ?" అన్నాడు ఖాసిం, నిలబడే.

"పొగ ఎవరికీ మంచిది కాదు. కానీ ఈ జబ్బు నీ షాపు ఇచ్చింది కాదు. ఇతను బట్టల కొట్లో పనిచేసినా వచ్చేది."

ఖాసిం గోడకు ఆనుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. తిరుపతయ్య మాత్రం తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు.

డాక్టరు అడిగింది. "భార్యాభర్తలు చుట్టాలా?"

"నా అక్క కూతుర్నే చేసుకున్నా."

"మీ ఇద్దరిలోనూ ఈ లోపం సగం సగం ఉంది. సగం ఉంటే ఏమీ కాదు. రెండు సగాలూ ఒకే బిడ్డకు వస్తేనే జబ్బు. వేరే పిల్లలున్నారా?"

"ఒక పాప. సుజాత. ఎనిమిదో తరగతి."

"ఆ పాపను వెంటనే తీసుకురండి. నాలుగింట ఒక వంతు ఆమెకూ ఉండే అవకాశం ఉంది. ఇప్పుడే తెలిస్తే, వణుకు మొదలవకుండానే ఆపగలం."

"దానికేం? అది షాపు గడప గూడా తొక్కలేదు!" అన్నాడు తిరుపతయ్య. డాక్టరు అంతసేపు చెప్పింది ఎక్కడికి పోయిందో నాకు అర్థం కాలేదు. తరువాత అర్థమైంది. తప్పు షాపుదైతే కోపగించుకోవడానికి ఒక మనిషి ఉంటాడు. తప్పు రక్తానిదైతే ఎవరి మీద అరవాలి?

మంచి రాగి, చెడ్డ రాగి

కేశవులుకు మాత్రలు మొదలుపెట్టారు. రాగిని మూత్రంలో బయటికి లాగే మాత్రలవి. జీవితమంతా మింగాలి. కొన్ని వారాల తరువాత వాళ్ళింటికి తర్లుపాడు వెళ్ళాను. తల్లి సుబ్బమ్మ మంచం వాల్చి కూర్చోమంది.

"మీరిచ్చిన మాత్రలే కాదు మేడం, నేను గూడా చేస్తుండా. రాగి చెంబులో రేత్రి నీళ్ళు పోసి పెట్టి, పొద్దున్నే తాగిస్తుండా."

మధ్యలోనే అందుకున్నాను. "రాగి చెంబా? ఒంట్లో రాగి ఎక్కువైందని గదమ్మా చెప్పింది!"

"అది కాల్చిన రాగి గదా, చెడ్డ రాగి. ఇది మంచి రాగి. చెడ్డదాన్ని మంచిది కడిగేస్తాదని మా అమ్మ చెప్పింది. పాప గూడా తాగుతుండాది."

నవ్వకండి. ఆవిడ బిడ్డ కోసం ఆ చెంబును రోజూ చింతపండుతో తళతళా తోమి, మూత పెట్టి, అందరికన్నా ముందే లేచి ఇస్తోంది. తర్లుపాడులోనే కాదు, నేను తిరిగిన ప్రతి ఊళ్ళో రాగి చెంబు నీళ్ళను ఆరోగ్యమనే తాగుతారు. అందరికీ అది సరిపోతుంది. ఈ ఒక్క ఇంటికి సరిపోదు. ఆ మాటే చెప్పాను. స్టీలు చెంబు వాడమన్నాను, రాగి ఎక్కువుండే కార్జం, అంటే మేక కాలేయం, వండవద్దన్నాను. సుబ్బమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది.

"అయితే ఇన్ని దినాలు నేనే పోసినానా మేడం?"

"నువ్వు పోయకముందే ఉంది. ఇప్పుడు ఆపేశావు, అది చాలు."

అప్పుడు తిరుపతయ్య గడపలోకి వచ్చాడు. సుజాత సంగతి ఎత్తాను.

"కర్నూలు పోతే దీనికి గూడా ఉందని ఊరంతా అంటారు. ఉన్నా లేకున్నా అంటారు. అయినా మా వైపు ఎవరికీ లేదు. ఉంటే గింటే వాళ్ళమ్మోళ్ళ వైపే" అన్నాడు.

సుబ్బమ్మ కొంగు తీసింది. "మా అమ్మోళ్ళ వైపా? మా అమ్మ ఎవరు? నీ సొంత అక్క గాదా?"

మంచం మీద కేశవులు కిసుక్కున నవ్వాడు. సుజాత లోపలి నుంచి, "నాయనా, రెండు వైపులా నువ్వే ఉండావు, తప్పించుకోలేవు" అంది. తిరుపతయ్య తువ్వాలు విదిల్చి బయటికి పోయాడు. నవ్వులైతే వచ్చాయి గానీ పని జరగలేదు.

బాగున్న కళ్ళు

ఇది కొత్తవాళ్ళు జాగ్రత్తగా చదవండి.

బుధవారాలు మా బడుల పరీక్ష. ఆ నెలలో తర్లుపాడు హైస్కూలు వంతు వచ్చింది. పాపను ఎట్లాగూ చూడవచ్చునని స్లిట్ లాంప్‌ను జీపులో వేయించుకుని వెళ్ళాను. సుజాత వంతు వచ్చినప్పుడు గడ్డం దాని మీద పెట్టించాను. రెండు కళ్ళూ అంచు చుట్టూ వెతికాను. ఏమీ లేదు. శుభ్రంగా ఉన్నాయి. అంత సంతోషం నాకు ఏ కంటిని చూసినప్పుడూ కలగలేదు. "బాగున్నాయి" అని పాప వీపు తట్టాను.

సాయంత్రం శేషయ్య గారికి ఆనందంగా చెప్పాను. ఆయన కర్నూలు డాక్టరుకు ఫోను చేశారు. ఆవిడ చెప్పింది నాకు వినిపించారు: రాగి ముందు కాలేయంలో నిలవ పడుతుంది, మెదడుకు చేరే దశలోనే దాదాపు అందరి కంట్లో కనబడుతుంది. ఇంకా ఏ లక్షణమూ లేని పాప కంట్లో అంచు లేకపోవడం దేనికీ రుజువు కాదు. రక్తం, మూత్రం పరీక్ష చేయాల్సిందే.

మన పరీక్షలో దోషం కనబడకపోతే ఆ మనిషిలో దోషం లేనట్టు కాదు. మనం చూసిన చోట లేదు, అంతే. మరునాడు ఆ మాట చెప్పడానికి మళ్ళీ తర్లుపాడు పోయాను. నేను వెళ్ళేసరికి సుబ్బమ్మ వీధిలో బొబ్బట్లు పంచుతోంది.

"కండ్లు బాగున్నాయంటివి గదా మేడం! ఇంకేంది మళ్ళీ?"

"కళ్ళు బాగున్నాయి సుబ్బమ్మా. లోపల ఎట్లుందో చూడాల."

"నిన్న బాగుందంటివి, ఈ పొద్దు చూడాలంటివి. మేం ఎవరి మాట నమ్మాల?" అన్నాడు తిరుపతయ్య. "పొండి. మా పాపను యాడికీ పంపను."

బొబ్బట్టు చేతిలో పట్టుకుని బస్టాండుకు నడిచాను.

కేశవులు పట్టుదల

దసరా ముందర ఒక శుక్రవారం సుబ్బమ్మ ఓపీకి పరుగెత్తుకొచ్చింది. కేశవులు మాత్రలు మానేశాడు. తిట్టినా ఏడ్చినా మింగడం లేదు. ఆ మాత్రలు ఉన్నట్టుండి ఆపితే ఎంత ప్రమాదమో నాకు తెలుసు. ఖాసింను పిలిచాను. అతని మాట కేశవులు వింటాడు. ముగ్గురం ఆటోలో తర్లుపాడు పోయాం.

కేశవులు మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పొద్దుటి మాత్ర అరచేతిలో ఉంది. చేయి వణుకుతుంటే అది అటూ ఇటూ దొర్లుతోంది. తిరుపతయ్య ఎదురుగా నిలబడి ఉన్నాడు. అప్పటికే అరిచి అరిచి గొంతు పోయింది.

"ఏందిరా ఇది? మింగరా నాయనా" అన్నాడు ఖాసిం.

"సుజాత... కర్నూలు... బస్సెక్కితే... మింగుతా."

"నన్ను బెదిరిస్తుండావా?" అన్నాడు తిరుపతయ్య.

"ఊ."

"దానికేం లేదురా. చూడు, జింకపిల్ల మాదిరి ఉండాది!"

కేశవులు జవాబు చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఎవరమూ మధ్యలో అందుకోలేదు.

"నేను గూడా... అట్లే... ఉంటి... నాయనా. నాకు... చెప్పే... మనిషి... లేకపాయె. దానికి... నేను... ఉండా."

తిరుపతయ్య మంచం కోడు పట్టుకుని కింద కూర్చున్నాడు. సుజాత గుమ్మంలో ఉంది. ముక్కు చీది, "నేను పోతా నాయనా. లేకుంటే వీడు ఇట్లే చస్తాడు, ఆ పాపం నా నెత్తిన రుద్దుతారు" అంది.

తిరుపతయ్య తలెత్తకుండానే "మింగు" అన్నాడు. "సోమవారం పోదాం."

కేశవులు తండ్రి వైపు చూశాడు, నా వైపు చూశాడు. తరువాత మాత్ర నోట్లో వేసుకున్నాడు. నీళ్ళ గ్లాసు ఖాసిం పట్టుకున్నాడు.

పరీక్ష కోసం మూత్రం ఒక పగలూ రాత్రీ పట్టాలంటే, ఖాసిం తన షాపులో బ్యాటరీ నీళ్ళ డబ్బా కడిగి తెచ్చాడు. "మీ షాపు దుమ్ము ఒక్క రవ్వ తగిలినా లెక్క తప్పుతుంది, వద్దు" అని తిప్పి పంపాను. కొత్త ప్లాస్టిక్ డబ్బా కొనుక్కుని పోయారు.

ఫలితం చెప్పేరోజు నేనూ వాళ్ళ వెంట కర్నూలు వెళ్ళాను. సుజాతకూ ఉంది.

"నాకేం కాలేదు గదా డాక్టరమ్మా? పరుగు పందెంలో నేనే ఫస్టు!" అంది పిల్ల, కోపంగా.

"అందుకే నీకు సంతోషంగా చెబుతున్నాను. మాత్రలు మానకుండా ఉంటే ఎప్పటికీ ఫస్టే" అంది డాక్టరు.

తిరుగు ప్రయాణంలో తిరుపతయ్య మార్కాపురంలో దిగి, తర్లుపాడు బస్సు ఎక్కకుండా, నేరుగా ఖాసిం షాపుకు నడిచాడు. నేను వెనకే ఉన్నాను. షాపు ముందు నిలబడి, "మోటారు పాడైంది. చూస్తావా?" అన్నాడు.

ఖాసిం స్పానరు కింద పెట్టాడు. "నీకు బోరే లేదు గదా తిరుపతయ్యా?"

తిరుపతయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఖాసిం స్టూలు జరిపి, "కూర్చో. టీ తాగు" అన్నాడు.

అడగాల్సింది

ఖాసిం నిర్దోషి అని తేలింది కనుక వైండింగ్ షాపులన్నీ మంచివని అనుకోవద్దు. తీగ కాల్చే పొగ చెడ్డదే. ఖాసిం ఆ తరువాత కాల్చే పనిని ఊరి బయటికి మార్చాడు. మస్తాన్ చేతిని పడగొట్టింది నిజంగా అతని పనే. కేశవులుది పని కాదు, పుట్టుక. గిద్దలూరు పెద్దాయనది ఏదో ఇప్పటికీ తెలియదు. ముగ్గురూ వచ్చి అడిగింది మాత్రం అద్దాలే. అందుకని "ఏం పని చేస్తావు?" అని అడగండి. ఆ వెంటనే "ఇంట్లో ఇంకెవరున్నారు?" అనీ అడగండి. మొదటి ప్రశ్న ఎదుట ఉన్న మనిషి కోసం. రెండోది ఇంకా మన దగ్గరికి రానివాళ్ళ కోసం.

కేశవులు చేతి వణుకు చాలా మటుకు తగ్గింది. మాట మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. తీగ చుట్టే పని మళ్ళీ చేయలేదు కానీ ఖాసిం షాపులో గల్లా దగ్గర కూర్చుంటాడు. సుజాతకు ఏ రోజూ ఏ వేలూ వణకలేదు. పెద్దదై బస్సు కండక్టరు అయింది. పెళ్ళి సంగతి అందరూ అడుగుతారు కనుక రాస్తున్నాను: అయింది, చుట్టరికం లేని చోట. చూడవచ్చినవాళ్ళకు జబ్బు సంగతి, మాత్రల సంగతి తనే చెబుతానని కేశవులు కూర్చున్నాడట. అతను చెప్పడం పూర్తయ్యేలోగా వాళ్ళు రెండుసార్లు టీ తాగారట.

నిరుడు అన్నాచెల్లెళ్ళిద్దరూ మా ఇంటికి వచ్చారు. సుజాత చెప్పులు విప్పకముందే మొదలుపెట్టింది. టికెట్ మిషను పాడైన సంగతి, పెద్దారవీడు రూటులో ఒకాయన కోడిపుంజుకు టికెట్ తీసుకోనని గొడవపడిన సంగతి, కొనకనమిట్లలో బస్సు ఆగిపోతే నలభై మందితో తోయించిన సంగతి. ఊపిరి తీసుకోవడం లేదు. నేను ఊఁ కొడుతున్నాను. కేశవులు కుర్చీలో కూర్చుని చెల్లెలి నోటి వైపే చూస్తున్నాడు.

కాసేపటికి నా వైపు ఒంగి, ఒక్కొక్క మాటా ఏరుకుంటూ అన్నాడు.

"మేడం... ఆ పొద్దు... నేను... తప్పు... చేసినా. దీనికి... ఇంగొక... ఏడాది... ఆగి... ఇప్పించాల్సింది... మాత్రలు."

సుజాత చేతిసంచీతో అతని భుజం మీద ఒక్కటి వేసి, ఆపిన చోటి నుంచి మళ్ళీ అందుకుంది.